మెట్రో చార్జీ మిగులుతుందని స్కూటర్ అప్పా?

ప్రశ్న: నాగోల్‌లో ఉంటాం. రోజూ మెట్రోలో రాయదుర్గం ఆఫీసుకు వెళ్తాను. నా జీతం 46,000, నా భార్యకు 18,000. మెట్రో చార్జీలు పెరిగాక స్టేషన్ దాకా షేర్ ఆటోతో కలిపి నెలకు నాలుగు వేలు అవుతోంది. స్కూటర్ కొంటే పెట్రోల్ 2,600తో సరిపోతుంది, 1,300 మిగులుతుంది. షోరూమ్‌లో డౌన్ పేమెంట్ లేకుండా ఇస్తామన్నారు. ధర 1,12,000, ఈఎంఐ 3,950 చొప్పున 36 నెలలు. 2,000 కట్టి బుక్ చేశాను. తార్నాకలో పనిచేసే నా భార్యకు ఆర్టీసీ మెట్రో డీలక్స్ బస్ పాస్ కొంటున్నాం. ఖాతాలో 11,000 ఉంది. క్రెడిట్ కార్డు బకాయి 28,000, ప్రతి నెలా కనీస మొత్తం కడుతున్నాను. నా నిర్ణయం సరైనదేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరైనది కాదు. టికెట్ ధర పెరిగిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి, అన్నిట్లోనూ పొరపాటు ఒకటే. ఒకవైపు టికెట్ మొత్తం ఖర్చు పెడతారు, రెండోవైపు పెట్రోల్ ఒక్కటే పెడతారు. ఈఎంఐ మాత్రం ‘ఆస్తి’ ఖాతాలోకి పోతుంది. మూడేళ్ల తర్వాత ఆ స్కూటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు అడుగుతారో మీ వీధి మెకానిక్‌ను కనుక్కోండి, అది ఏపాటి ఆస్తో తెలిసిపోతుంది.

ముందు ఇప్పటి ఖర్చు చూద్దాం. 2025 మేలో సవరించిన రేట్ల ప్రకారం నాగోల్ నుంచి రాయదుర్గానికి 69 రూపాయలు. రానుపోను 138. నెలకు 22 పనిదినాలకు 3,036. షేర్ ఆటోకు రోజుకు 40 వేసుకుంటే 880. మొత్తం 3,916.

ఇక స్కూటర్. ఈఎంఐ 3,950. రోజుకు యాభై కిలోమీటర్ల చొప్పున నెలకు 1,100 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చినా 24 లీటర్లు దాటుతుంది, 107 లెక్కన మీరు చెప్పిన 2,600 నిజమే. కానీ ఈ వాడకానికి ఏడాదిలో 13,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆయిల్, బ్రేక్ షూలు, టైర్లు, సర్వీసింగ్ కలిపి నెలకు 600 తక్కువ కాదు. బీమా రెన్యువల్‌కు మరో 250 పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే 7,400. అంటే మిగిలేది 1,300 కాదు, అదనంగా పడేది దాదాపు 3,480. ఇందులో పార్కింగ్ రుసుము, చలాన్లు లేవు. 36 నెలల ఈఎంఐలు కూడితే 1,42,200, వడ్డీయే 30,200. ‘డౌన్ పేమెంట్ లేదు’ అన్న మాటకు మీరు కట్టే ధర అది.

అసలు నన్ను కలవరపెట్టింది మెట్రో చార్జీ కాదు, ఖాతాలో ఉన్న 11,000. అద్దె, బడి ఫీజు, సరుకులు కలిపి మీ ఇంటికి నెలకు 45,000 దాకా అవుతాయనుకుంటే, ఆ డబ్బు ఎనిమిది రోజులకు కూడా చాలదు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు కొత్త అప్పు తీసుకోకూడదు. జీరో డౌన్ పేమెంట్ అయినా, పండుగ ఆఫర్ అయినా అంతే. ఆఫీసుకు వెళ్లని రోజు టికెట్ ఖర్చు సున్నా. ఉద్యోగం పోయినా, కాలు విరిగి మంచం పట్టినా మెట్రో మిమ్మల్ని డబ్బు అడగదు. ఈఎంఐ మాత్రం ఐదో తారీఖుకు ఠంచనుగా వస్తుంది. ఖాతాలో డబ్బు లేక అది వెనక్కి పోతే బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్స్ కంపెనీ మరొకటి వేస్తాయి, క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. ఆ దశలో జనం చేసే పని లోన్ యాప్ తెరవడం. అక్కడి నుంచి బయటపడటానికి ఏళ్లు పడుతుంది.

కార్డు సంగతి ఇంకా ఘోరం. కనీస మొత్తం కడుతున్నంత కాలం బకాయి మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. 28,000 మీద నెలకు 1,150 పైచిలుకు. స్కూటర్‌తో మిగులుతుందనుకున్న డబ్బు దాదాపు అంతా ఇప్పటికే ఇక్కడ కారిపోతోంది. రూపాయి చార్జీ పెరిగితే లెక్కలు వేసే మనం ఈ పద్దు వైపు చూడం.

టికెట్ ఖర్చులో తగ్గించుకునేవి ఉన్నాయి. మొట్టమొదటిది మీ శ్రీమతి పాస్. 2025 జూన్ నుంచి మెట్రో డీలక్స్ పాస్ 1,800. మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ సున్నా, డీలక్స్‌కు వర్తించదు. ఉప్పల్ మీదుగా తార్నాకకు ఆ రెండు రకాల బస్సులూ ఉన్నాయి. పది నిమిషాలు ముందు బయల్దేరితే నెలకు 1,800 మిగులుతుంది. ఒక్క మెలిక: తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో చాలామందికి ఆధార్‌లో పుట్టింటి చిరునామానే ఉంటుంది, కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు. మీ ఇంట్లోనూ అదే కారణమైతే చిరునామా మార్చుకోండి. రుసుము వంద లోపే.

మీ విషయానికొస్తే, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్ పాస్ 1,600. కాగితం మీద మెట్రో కంటే 1,436 తక్కువ. కానీ సాయంత్రం ఆరింటికి రాయదుర్గం నుంచి నాగోల్‌కు రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో ఒకట్రెండు రోజులు టికెట్ కొని చూసుకుని, తర్వాతే పాస్ జోలికి వెళ్లండి. పాస్ గిట్టుబాటు లెక్క తేలికే: పాస్ ధరను రానుపోను చార్జీతో భాగించండి. మీ దారిలో బస్సు చార్జీ 45 అనుకుంటే రోజుకు 90, అంటే 18 రోజులు తిరిగితేనే పాస్ డబ్బు వెనక్కి వస్తుంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, దసరాకో సంక్రాంతికో వారం ఊరెళ్లేవాళ్లకు ఆ నెల పాస్ దండగ. ఊరి నుంచి వచ్చాకే తీసుకోవాలి. పొద్దున మెట్రో, సాయంత్రం బస్సు అనుకుంటే పాస్ అసలే వద్దు. అప్పుడు మెట్రోకు 1,518, బస్సు టికెట్లకు 990, మొత్తం 2,508 అవుతుంది. నెలకు 528 మిగులుతుంది. మీకు ఇది నప్పుతుందనిపిస్తోంది.

మెట్రో రేట్ల పట్టిక గురించి ఒక మాట. చార్జీ దూరంతో సమానంగా పెరగదు. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్లకే 28 రూపాయలు, 24 దాటితే 69. దగ్గరి దూరానికి కిలోమీటరుకు ఐదారు రూపాయలు పడుతుంటే, మీకు రెండున్నర పడుతోంది. అంటే ఈ పట్టికలో లాభపడుతున్న వర్గం మీదే. రెండు మూడు స్టేషన్ల దూరానికి మాత్రం సిటీ బస్సే నయం. మీరు దారిలో అమీర్‌పేటలో గేటు దాటి బయటికెళ్లి మళ్లీ ఎక్కితే అది రెండు ప్రయాణాల కింద లెక్క, 69 కాస్తా నూరు దాటుతుంది. చార్జీ తగ్గుతుందేమోనని ఒక స్టేషన్ ముందే దిగి చెప్పులు అరగదీసుకోనక్కర్లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు చవకే, మీ ఇంటి దగ్గర స్టేషన్ లేదు కాబట్టి వదిలేయండి.

ఇప్పుడు చేయాల్సింది. స్కూటర్ వల్ల అదనంగా పడబోయిన 3,400, పాస్ డబ్బు 1,800, కలిపి 5,200. కార్డుకు కడుతున్న కనీస మొత్తం 1,400 అనుకుంటే, దానికి ఇది జోడించి ప్రతి నెలా 6,600 కట్టండి. కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోతే ఐదో నెలలో బకాయి తీరుతుంది. ఆ తర్వాత అదే 6,600ను అత్యవసర నిధికి మళ్లించండి. మూడు నెలల ఖర్చు, అంటే 1,35,000 చేరడానికి ఏడాదిన్నర దాటుతుంది. ఆలస్యమని మధ్యలో ముట్టుకోవద్దు. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉండకూడదు. వేరే బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) గానీ, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ మ్యూచువల్ ఫండ్ గానీ చాలు, వడ్డీ రేట్లు పోల్చుకుంటూ కూర్చోవద్దు. టర్మ్ పాలసీ (ప్రాణానికి మాత్రమే రక్షణ ఇచ్చే బీమా) లేకపోతే కార్డు తీరిన నెలలోనే తీసుకోండి. నిధి నిండాక స్కూటర్ కావాలనిపిస్తే సగానికి పైగా సొంత డబ్బుతో కొనండి. ఓనర్‌కు వర్తించే 15 లక్షల ప్రమాద బీమా పాలసీలో ఉందో లేదో చూసుకోండి. లైసెన్సు గడువు దాటిపోతే ఆ క్లెయిమ్ చెల్లదు.

బుకింగ్ మాత్రం రేపే రద్దు చేయండి, బండి మీ పేరు మీద రిజిస్టర్ అయ్యాక కుదరదు. రాతపూర్వకంగా అడిగి, కాపీ మీద షోరూమ్ ముద్ర వేయించుకోండి. 2,000లో కొంత కోసుకున్నా వాదించొద్దు. లోన్ కాగితాల మీద సంతకం చేసి ఉంటే ఫైనాన్స్ కంపెనీకి కూడా విడిగా మెయిల్ పెట్టండి. మీ ఖాతా నుంచి ఈఎంఐ కోసుకునేందుకు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి రద్దయిందో లేదో నెట్ బ్యాంకింగ్‌లో వారం తర్వాత మరోసారి చూసుకోండి.