కథకుల ప్రశ్నలు: ఆచారం మీద కథ రాసేటప్పుడు

ప్రశ్న: అమ్మవారి సంబరంలో భర్త పోయిన ఆడవాళ్ళు నెత్తిన ఘటం (అమ్మవారి కుండ) ఎత్తకూడదన్న కట్టుబాటు మీద రెండు వేల మాటల కథ రాసి మీకు పంపాను. కథలో భర్త పోయిన అత్త బతుక్కి ప్రతీకగా పెరట్లో ఎండిపోయిన బావిని పెట్టాను. చదివినవాళ్ళు బావి అతికించినట్టుందంటున్నారు. ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: బావిని తీసేయండి. మీ కథలో అది నాలుగుసార్లు వస్తుంది. నాలుగుసార్లూ ఎవరూ దాని దగ్గరికి వెళ్ళరు, చేద వెయ్యరు, అది ఎండిపోయినందుకు ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కథలో పనిలేని వస్తువు ప్రతీకగా నిలబడదు. పైగా ఎండిన బావి, మోడువారిన చెట్టు, కొండెక్కిన దీపం ఇలాంటి కథల్లో ఎంత అరిగిపోయాయంటే, పాఠకుడి కన్ను వాటి మీద ఆగనే ఆగదు.

మీకు కావలసిన వస్తువు మీ కథలోనే ఉంది. మూడో పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు: కోడలు ఎత్తబోయే ఘటానికి చుట్టకుదురు చుట్టింది అత్తే. అక్కడ ఆగండి. పాతచీర అంచు చింపడం, తడిపి పిండడం, మెలిపెట్టి గుండ్రంగా చుట్టడం, కొస లోపలికి దోపడం చూపించండి. వదులుగా ఉంటే ఘటం ఒరుగుతుంది, మరీ బిగిస్తే నడినెత్తిన ఒత్తుకుంటుంది. ఏ తలకి ఎంత మందం కావాలో మోసి మోసి అలవాటైన మనిషికే తెలుస్తుంది. అంటే ఆ ఇంట్లో ఘటం ఎత్తడం అందరికన్నా బాగా వచ్చిన మనిషి ఆమే. ఆమె చేతిపని అమ్మవారికి పనికొచ్చింది, తల పనికిరాలేదు. ఈ చివరి మాట మాత్రం కథలో ఎక్కడా రాయకండి, కోడలి నోటా పలికించకండి.

రెండు వేల మాటల కథలో ప్రధాన వస్తువు మూడుసార్లు కనిపిస్తే చాలు. మొదటిసారి, మొదటి మూడు వందల మాటల్లోపే, ఉత్త ఇంటిపనిగా రావాలి. రెండోసారి ఏదో ఒక తేడాతో రావాలి: ఊరేగింపులో కుదురు జారింది, ఘటం ఒరిగింది, పక్కనే నడుస్తున్న అత్త చెయ్యి పైకి లేచింది. ఈ క్షణాన్ని తొందరగా దాటేయకుండా ఆరేడు వాక్యాలు రాయండి. డప్పు ఆగిందా? ముందు ఎవరు చూశారు? ఆ చెయ్యి ఘటాన్ని తాకిందా, మధ్యలోనే ఆగిందా? మూడోసారికి సంబరం అయిపోయి ఉంటుంది. ఆ పాతగుడ్డ అప్పుడు ఎవరి చేతిలో ఉందో మీరే తేల్చాలి. నాలుగోసారి వచ్చిందంటే మీకు పాఠకుడి మీద నమ్మకం లేదన్నమాటే.

తిరగరాశాక రెండు పనులు చేయండి. ‘సమాజం’, ‘కట్టుబాట్ల సంకెళ్ళు’, ‘మూఢనమ్మకం’ అన్న మాటలున్న వాక్యాలన్నీ కొట్టేసి చదవండి. కథ అర్థమవుతోందంటే అవి అక్కర్లేదు. అర్థం కాకపోతే లోపం సన్నివేశాల్లో ఉంది, దాన్ని వ్యాఖ్యానంతో పూడ్చలేరు. తర్వాత మీ ఊరి కట్టుబాటు తెలియని మనిషికి కథ ఇవ్వండి. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర చూసిన బరంపురంవాళ్ళకీ, బోనాలు చూసిన హైదరాబాదువాళ్ళకీ నెత్తిన ఘటం కొత్త కాదు గానీ, మీ ఊరి కట్టుబాటు కొత్తే. ఎవరు ఎత్తొచ్చో ఎవరు ఎత్తకూడదో ఏ పేజీలో తెలిసిందని అడగండి. మొదటి రెండు పేజీల్లో తెలియకపోతే చెయ్యి పైకి లేచినప్పుడు వాళ్ళకి ఏమీ అనిపించదు.

ప్రశ్న: షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ మాకు క్లాసులో చెప్పారు. అందులో దుర్మార్గుడు లేడు, ఆచారం ఎందుకు పుట్టిందో చెప్పలేదు. అయినా భయం వేసింది. ఎలా కుదిరింది?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: చదవనివారి కోసం క్లుప్తంగా: 1948 జూన్ 26 నాటి ‘న్యూయార్కర్’ పత్రికలో వచ్చిన అమెరికన్ కథ ఇది. మూడు వందల మంది ఉన్న ఊరు. ఏటా జూన్ 27న చీట్లు తీస్తారు. ముందు ఇంటి పెద్దలు తీస్తారు, తగిలిన ఇంట్లో మనుషులందరూ మళ్ళీ తీస్తారు. నల్లచుక్క ఉన్న చీటీ ఎవరికొస్తే వాళ్ళని ఊరంతా కలిసి రాళ్ళతో కొడుతుంది.

భయం పుట్టించేది అక్కడి పనుల పద్ధతి. ముందురోజు రాత్రే చీట్లు తయారుచేసి బొగ్గు కంపెనీ ఇనప్పెట్టెలో భద్రం చేస్తారు. మొత్తం తతంగం రెండు గంటల్లోపే, మధ్యాహ్నం భోజనాలకి ఇళ్ళకి చేరేలా ముగుస్తుంది. ఏది మారింది, ఏది మారలేదు అన్న లెక్క గమనించండి. అసలు పెట్టె ఎప్పుడో పోయింది. చెక్కముక్కల బదులు కాగితం వచ్చింది. పాడే పాట, చేసే వందనం మర్చిపోయారు. రాళ్ళు మాత్రం మర్చిపోలేదు. ఆచారం తన కారణాన్ని పోగొట్టుకుని దెబ్బని మాత్రం నిలుపుకుందని రచయిత్రి వస్తువులతోనే చెప్పింది. ఆ రాళ్ళు కూడా రెండో పేరాలోనే, పిల్లలు జేబుల్లో నింపుకునే ఆటవస్తువులుగా వచ్చేశాయి. చివర్లో ఊడిపడలేదు.

ఇంకొకటి ఎక్కువమంది గమనించరు. బలయ్యే టెస్సీ ఆ ఆచారాన్ని ఎదిరించే మనిషి కాదు. గిన్నెలు కడుగుతూ ఆలస్యంగా వస్తుంది, నవ్వుతూ భర్తని ముందుకి తోలుతుంది. తన ఇంటికి తగిలాకే అన్యాయమంటుంది. అప్పుడు కూడా ఆమె ఫిర్యాదు భర్తకి చీటీ ఎంచుకునే సమయం ఇవ్వలేదనే. పెళ్ళయిన కూతుర్ని కూడా లెక్కలో కలపమంటుంది, అలా తనకి వచ్చే అవకాశం తగ్గుతుందని. ఆమెని అమాయకురాలిగా, వీరనారిగా తీర్చి ఉంటే కథ సగం చచ్చిపోయేది. మన ఆచార కథలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటున్నాయి: బాధితురాలు కడిగిన ముత్యం, పెద్దమనిషి కంతిరి, మధ్యలో చదువుకుని వచ్చిన మాస్టారి ఉపన్యాసం.

కథ అచ్చయ్యాక ఆ వేసవిలో మూడు వందలకి పైగా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్ళి చూడొచ్చా అని అడిగారు.

ప్రశ్న: ఆచారాన్ని విమర్శించాలంటే దాన్ని పూర్తిగా చెడ్డదిగానే చూపించాలా?
– ఒక పాఠకుడు, గునుపురం

జవాబు: అక్కర్లేదు. మీ చుట్టూ మార్గశిర లక్ష్మివారాల్లో మాణ అనే కొలపాత్ర నిండా ధాన్యం పోసి చేసే పూజ ఉంది, బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం చదవడం ఉంది. అందులో లక్ష్మి చండాలస్త్రీ శ్రియ ఇంట అడుగుపెడుతుంది. అందుకని అన్నదమ్ములు జగన్నాథ బలభద్రులు ఆమెని గుడి నుంచి వెళ్ళగొడతారు, అన్నం పుట్టక అలమటిస్తారు, చివరికి కులభేదం పాటించకూడదన్న ఆమె షరతుకి ఒప్పుకుంటారు. ఈ కథ భక్తిగా చదివే ఇంట్లోనే వాకిలి ఊడ్చే మనిషికి గ్లాసు వేరుగా పెడితే, మీకు వేరే ప్రతీక వెతుక్కునే పని లేదు. పారాయణం ఏ వాక్యం దగ్గర ఉండగా ఆమె మంచినీళ్ళు అడిగిందో అదొక్కటి ఎంచుకోండి.

ప్రశ్న: కోందు గిరిజనుల పాత నరబలి మీద కథ రాయాలనుంది. జాగ్రత్తలు చెప్పండి.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మెరియా బలి అనే ఈ నరబలి గురించి మనకి దొరికే రాతల్లో ఎక్కువభాగం దాన్ని ఆపడానికి వచ్చిన బ్రిటిషు అధికారులవి. 1845లో ఆ పని కోసమే మెరియా ఏజెన్సీ పెట్టారు. అవి కొండ ప్రాంతాన్ని లొంగదీసుకుంటున్నవాళ్ళ రాతలని మర్చిపోకుండా చదవండి. మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది. కథకుడికి పనికొచ్చే చోటు అదే: భూదేవికి మొక్కు అలాగే ఉంది, బలి మారింది. ఆ మొదటి ఏడాది ముసలివాళ్ళు పంట గురించి ఏమనుకుని ఉంటారు? బలికి తెచ్చే మనిషిని వెల ఇచ్చి కొనాలన్న నియమం కూడా ఉండేది. అంటే అమ్మేవాడు, తెచ్చేవాడు, వెల పోగుచేసేవాడు ఉన్నారు. వాళ్ళని వదిలేసి మంటలూ డప్పులూ వర్ణిస్తే గిరిజనుల్ని బొమ్మలు చేసినట్టే అవుతుంది, మూర్ఖత్వం కొండమీదే ఉందని కింద ఊళ్ళవాళ్ళు తప్పించుకుంటారు.

మొదటి ప్రయత్నానికి ఇప్పటి విషయమే మంచిది. చిల్లంగి (చేతబడి) పెట్టిందని ఒకామె మీద ముద్ర వేయడం మనకి బాగా తెలిసిందే. ఒడిశాలో దీని మీద 2013లో ప్రత్యేక చట్టం వచ్చింది. రాయడానికి కూర్చునే ముందు కాగితం మీద ఇవి తేల్చుకోండి: ఊళ్ళో మొదట జబ్బుపడింది ఎవరు, ఆమె పేరు మొదట పలికింది ఎవరు, ఆ మాట ఎన్ని రోజులకి ఊరంతా పాకింది, ఆమె పొలానికి గట్టు పక్కన ఉన్నది ఎవరి పొలం.