ఓఆర్‌ఏ-01000: కర్సర్లు ఎక్కడ మిగిలిపోతున్నాయంటే

మీ జావా ప్రోగ్రామ్‌లో ఈ ఎర్రర్ ఎందుకు వస్తోందని అడిగారు కదా. మీ డీఏఓ క్లాసులోని (డేటాబేస్‌తో మాట్లాడే క్లాసు) మెథడ్ రిజల్ట్‌సెట్‌నే (క్వెరీ ఫలితాల ఆబ్జెక్టు) రిటర్న్ చేస్తోంది. కాసేపు నడిచాక ఒరాకిల్ డేటాబేస్ 'మ్యాగ్జిమమ్ ఓపెన్ కర్సర్స్ ఎక్సీడెడ్' (క్వెరీల కోసం సర్వర్ తెరిచి ఉంచే కర్సర్లు పరిమితి దాటాయి) అనడానికి కారణం అదేనండి. పిలిచిన కోడ్ రిజల్ట్‌సెట్‌ని బుద్ధిగా క్లోజ్ చేస్తున్నా, దాని వెనకుండి క్వెరీని నడిపిన ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ ఎవరి చేతికీ అందడం లేదు. జావాని డేటాబేస్‌తో కలిపే ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్‌లో రిజల్ట్‌సెట్ ఒక్కటే మూస్తే సర్వర్‌లో కర్సర్ విడుదల కాదు, స్టేట్‌మెంట్‌ కూడా మూయాలి.

అందుకే రిజల్ట్‌సెట్‌ని మెథడ్ దాటనివ్వకండి. వరసలన్నీ అక్కడే చదివి, ఆబ్జెక్టులుగా మార్చి, లిస్ట్ రిటర్న్ చేయండి. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడింటినీ ట్రై పక్కన బ్రాకెట్లలోనే డిక్లేర్ చేస్తే, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా జావా వాటిని చివరి నుంచి మొదటికి తనే మూసేస్తుంది. జావా 7 నుంచీ ఉన్న సదుపాయమే ఇది. ఫైనల్లీ బ్లాకులో నల్ చెక్‌ల గోల ఇక అక్కర్లేదు.

ఓపెన్_కర్సర్స్ (ఒక సెషన్ ఒకేసారి తెరవగల కర్సర్ల పరిమితి) విలువ పెంచమని మీ డీబీఏ (డేటాబేస్ నిర్వాహకులు) అన్నారని రాశారు. డిఫాల్ట్ 50 కాబట్టి కొంత పెంచడం తప్పేం కాదు, కానీ మూయని కర్సర్ల లీక్ అలాగే ఉంటే ఎర్రర్ ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇంకోటి, మీరు ఫర్ లూప్ లోపల ప్రిపేర్‌స్టేట్‌మెంట్ పిలుస్తున్నారు. దాన్ని లూప్ బయటికి తెచ్చి, లోపల బైండ్ విలువలు (క్వెరీలో నింపే పారామీటర్లు) మాత్రమే మార్చండి. ఆ తర్వాత కూడా ఎర్రర్ వస్తే, తెరిచి ఉన్న కర్సర్లను చూపించే ఒరాకిల్ వ్యూ వి$ఓపెన్_కర్సర్‌లో మీ సెషన్ చూడండి. ఏ ఎస్‌క్యూఎల్ పదేపదే కనిపిస్తుందో ఆ మెథడ్‌నే పట్టుకోవాలి.