బొమ్మలు రానివాళ్ళ స్టోరీబోర్డు

ప్రశ్న: పది అడుగుల చదరపు గదిలో 8 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయబోతున్నాం. తండ్రీకొడుకుల గొడవ, అంతా మాటలే. నాకు బొమ్మలు రావు. స్టోరీబోర్డు (షాట్లను వరసగా చూపే బొమ్మలు) కాగితం మీద వేయాలా, సాఫ్ట్‌వేర్‌లోనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు కాగితం మీదే వేయండి. బాపుగారు తన సినిమాలకు గీసుకున్న బొమ్మలు తలుచుకుని బెదిరిపోకండి, ఆయన స్వతహాగా చిత్రకారుడు. మీకు గుండ్రటి తల, భుజాల గీత, చూపు ఎటో తెలిపే ముక్కు వస్తే చాలు.

నోటుపుస్తకం వద్దు. వరస మార్చాల్సి వస్తే పేజీలు చింపుకోవాలి. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు తీసుకుని షాట్‌కొకటి వాడండి. 16:9 (ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి)లో తీస్తుంటే ఫ్రేము 12 సెం.మీ. వెడల్పు, 6.75 సెం.మీ. ఎత్తు. ఇంకా వెడల్పుగా కనిపించే స్కోప్ (2.39:1) అయితే అదే వెడల్పుకు ఎత్తు 5 సెం.మీ. కింద మిగిలిన చోట సీన్ నంబరు, షాట్ నంబరు, లెన్స్, డైలాగు మొదటి మాట రాయండి. మధ్యలో కొత్త షాట్ చేరితే 12ఎ అనండి. నంబర్లన్నీ మారిస్తే షాట్ లిస్టుకూ బోర్డుకూ పొంతన పోతుంది.

అసలు పని అట్ట వెనకవైపు ఉంది. అక్కడ గదిని పైనుంచి చూసినట్టు గీసి, కెమెరా ఎక్కడో, మనుషులెక్కడో గుర్తు పెట్టండి. ఎక్కువ బోర్డులు సెట్లో పనికిరాకుండా పోయేది ఇది లేకే. సూపర్ 35 సెన్సర్ (సినిమా కెమెరాల్లో బొమ్మను పట్టే, సుమారు 25 ఎంఎం వెడల్పుండే పలక) మీద 50 ఎంఎం లెన్స్‌కు, కెమెరా ఎంత దూరంలో ఉంటే ఉజ్జాయింపుగా అందులో సగం వెడల్పు కనిపిస్తుంది. 25 ఎంఎంకు దూరమెంతో వెడల్పూ అంతే. ఐదున్నర అడుగుల మనిషి తల నుంచి కాళ్ళ దాకా కాస్త ఖాళీతో పట్టాలంటే 16:9లో సుమారు 11 అడుగుల వెడల్పు కావాలి. అంటే 50తో 22 అడుగుల దూరం, 25తో 11 అడుగులు. మీ గదిలో రెండూ కుదరవు. ఆ షాట్ గుమ్మం బయటినుంచి తీయాలి, లేదా నడుం దాకానే గీసుకోవాలి. ఈ సంగతి షూటింగ్ రోజున కాదు, ఇప్పుడే తేలాలి.

అదే ప్లాన్‌లో తండ్రికీ కొడుక్కీ మధ్య గీత గీయండి. కెమెరాలన్నీ గీతకు ఒకే పక్కన ఉంటే ఇద్దరి చూపులూ కలుస్తాయి. కొడుకు లేచి తలుపు దగ్గరికెళితే గీత మారుతుంది. ఆ నడక కనిపించే షాట్ ఒకటి తప్పక వేసుకోండి.

సాఫ్ట్‌వేర్ అవసరం ఆ తర్వాతే, నిడివి చూసుకోవడానికి. డైలాగులు ఫోన్లో రికార్డు చేసి, అట్టల ఫొటోలు ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పేర్చండి. ఎక్కడ సాగుతోందో చెవికే తెలిసిపోతుంది. నేరుగా కంప్యూటర్లోనే గీయాలనుకుంటే స్టోరీబోర్డర్, క్రిటా రెండూ ఉచితం. ఒక్కో బొమ్మ ఎంతసేపు ఉండాలో వాటిలోనే పెట్టుకోవచ్చు.

ప్రశ్న: బాణం గుర్తులు చూసి మా కెమెరామన్ తికమకపడుతున్నారు. ఎలా వేయాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నటుల కదలికకు బాణం ఫ్రేము లోపల, కెమెరా కదలికకు ఫ్రేము బయట, వేరే రంగులో వేయండి. పాన్ (కెమెరా ఉన్నచోటే పక్కకు తిరగడం) అయితే పొడవాటి ఒకే బొమ్మ గీసి, మొదలయ్యేచోట, ఆగేచోట రెండు పెట్టెలు కట్టండి. ముందుకెళ్ళే షాట్‌కు మాత్రం ఫ్రేము లోపల చిన్న పెట్టె గీసి, మూలల నుంచి దానిలోకి బాణాలు వేసి, పక్కనే ట్రాలీయా (కెమెరానే పట్టాల మీద జరగడం) జూమా (లెన్స్‌తోనే దగ్గరకు లాగడం) అన్నది రాయండి. బాణాలు రెండింటికీ ఒకేలా ఉంటాయి, పట్టాలు వేయాలో వద్దో ఆ మాటను బట్టే తెలుస్తుంది.