కట్టేసిన లోన్ రిపోర్టులో ఇంకా ఎందుకుంది?

లోన్ మొత్తం తీర్చేశాక కూడా క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తోందని, సేవింగ్స్ ఖాతాలో ఉన్న డబ్బు మాత్రం ఎక్కడా లేదని అడిగారు కదండీ. రెండూ మామూలే, టెన్షన్ పడకండి. క్రెడిట్ రిపోర్టులో ఉండేది మీ అప్పుల చరిత్ర, దాచుకున్న సొమ్ముతో దానికి పని లేదు.

పైన పేరు, పుట్టినతేదీ, పాత కొత్త అడ్రస్‌లు ఉంటాయి, స్పెల్లింగ్ ఓసారి చూసుకుంటే చాలు. అసలు చదవాల్సింది ఖాతాల భాగం. ప్రతి లోనూ, ప్రతి కార్డూ ఎప్పుడు తెరిచారు, లిమిట్ ఎంత, ఇంకా ఎంత బాకీ, నెలనెలా టైముకి కట్టారా లేక ఎన్ని రోజులు ఆలస్యమైందా అన్నీ అక్కడే ఉంటాయి, మూసేసిన ఖాతాలు కూడా కొన్నేళ్లు అలాగే ఉంటాయి. సరిగ్గా కట్టి మూసిన లోన్ అక్కడ ఉండటం మీకే మంచిది, దాన్ని తీసేయించాలని చూడకండి. కాకపోతే బాకీ సున్నా అనీ, స్టేటస్ క్లోజ్డ్ అనీ ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే మాత్రం తేడా ఉన్నట్టే, ఎందుకంటే మొత్తం కట్టకుండా కొంతకి రాజీపడ్డారని దాని అర్థం.

ఇక ఎంక్వైరీలు, అంటే మీ రిపోర్టుని ఎవరెవరు చూశారన్న వివరాలు. మీరు అప్పుకి అప్లై చేసినప్పుడు అప్పిచ్చే సంస్థ చూసినవి మీ క్రెడిట్ స్కోరుని, అంటే అప్పు తీర్చడంలో మిమ్మల్ని ఎంత నమ్మొచ్చో చెప్పే అంకెని, కాస్త తగ్గించొచ్చు, మీ రిపోర్టు మీరే చూసుకుంటే ఏమీ కాదు. మీరు అప్లై చేయని సంస్థ పేరు కనిపిస్తే వదలకండి, ఎవరో మీ వివరాలు వాడి ఉండొచ్చు. స్టేటస్ తప్పుంటే లోన్ తీరినట్టు ఇచ్చిన లెటర్ జతచేసి ఆ రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకి, అప్పిచ్చిన సంస్థకి ఇద్దరికీ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి.