తమ్ముడి మౌనానికి జవాబు చెప్పాకే కొత్త సర్వీసు

ప్రశ్న: మాది బరంపురం. హైవే పక్కన షెడ్డు అద్దెకు తీసుకుని ఆరేళ్లుగా కార్ల వాటర్ సర్వీసింగ్, లోపలి శుభ్రం, పాలిష్ చేస్తున్నాం. కస్టమర్లనూ లెక్కలనూ నేను చూసుకుంటాను. పాలిష్ అంతా మా తమ్ముడి చేతి మీదే నడుస్తుంది. వాడికి ఇంకా పెళ్లి కాలేదు, మాతోనే ఉంటాడు. నెలకు 12 వేలు ఇస్తున్నాను. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది 6 లక్షలు పెడతానని, సెరామిక్ కోటింగ్ (రంగు పాడవకుండా పైన పూసే పూత), పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శకమైన రక్షణ ఫిల్ము), సీటు కవర్లు మొదలుపెడదామని, తనకు సగం వాటా ఇవ్వాలని అంటున్నాడు. నా భార్యకు ఇష్టమే. నాన్నగారు వద్దంటున్నారు. తమ్ముడు ఈమధ్య సరిగా మాట్లాడటం లేదు, పనికి ఆలస్యంగా వస్తున్నాడు. వ్యాపారం పెంచాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా? — ఒక పాఠకుడు

జవాబు: అందరి మాటా రాశారు. బావమరిది ఏమన్నాడో, భార్య ఏమనుకుంటోందో, నాన్నగారు ఏమంటున్నారో అన్నీ ఉన్నాయి. తమ్ముడిని మాత్రం ఏమీ అడిగినట్టు లేదు. ఆరేళ్లు మెషీన్ పట్టుకున్నవాడికి నెలకు 12 వేలు, విశాఖలో కూర్చుని డబ్బు పంపేవాడికి సగం వాటా. ఈ లెక్క అతనికి ఎవరూ విడమరచి చెప్పక్కరలేదు. అతను ఆలస్యంగా రావడానికి కారణం బద్ధకమని మీరూ నమ్మడం లేదనే నా అనుమానం.

‘ఇంట్లోనే తింటున్నాడు, రేపు పెళ్లి చేసేదీ మనమే కదా’ అని చాలామంది అన్నలు అనుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అన్నం పెట్టడం వేరు, చేసిన పనికి లెక్క కట్టడం వేరు.

కొత్త సర్వీసు ఎవరి చేతిమీద నిలబడుతుందో కూడా చూడండి. కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శక పొర మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పలచన. సెరామిక్ కోటింగ్ వేసే ముందు గీతలు పోయేలా మెషీన్ పాలిష్ పట్టాలి. పట్టిన ప్రతిసారీ ఆ పొర కొంత అరుగుతుంది. బానెట్ అంచు దగ్గరో, డోరు మీద లేచి ఉండే గీత దగ్గరో ప్యాడ్ అవసరానికి మించి ఆగిందా, పొర పోయి అడుగు రంగు బయటపడుతుంది. ఇక ఆ భాగానికి మళ్లీ పెయింటు వేయించి ఇవ్వాల్సిందే, ఖర్చు మీదే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తేలికగా పోవాలో తెలిసిన చెయ్యి మీ తమ్ముడిది. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఎవరైనా మంచి జీతం ఇస్తామని పిలిస్తే బస్సెక్కడానికి అతనికి ఎంతసేపు పడుతుంది? అప్పుడు 6 లక్షల సామాను షెడ్డులో పెట్టుకుని మీరేం చేస్తారు?

ఇక పెంచాలా వద్దా అన్నదానికి వస్తాను. పెంచండి. బావమరిది చెప్పిన వరుసలో మాత్రం కాదు.

గోపాల్‌పూర్ సముద్రం మీకు ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు అక్కడి కార్లు కిందినుంచి తుప్పు పడతాయి. కారు కొనేవాళ్లు పైమెరుపు చూస్తారు, నాలుగేళ్లు వాడినవాళ్లు కిందికి వంగి చూస్తారు. మీ పాత కస్టమర్లలో ఈ రెండో రకంవాళ్లే ఎక్కువ ఉంటారు. అందుకే వానలకు ముందు అండర్‌బాడీ కోటింగ్ (అడుగుభాగానికి తుప్పు పట్టకుండా కొట్టే మందు), వానల్లో సీట్ల బూజు, ఏసీ వాసన పోగొట్టే పని మొదలుపెట్టండి. కారు పైకెత్తే లిఫ్టు గానీ ర్యాంపు గానీ కావాలి. అడుగుభాగం కడిగి పూర్తిగా ఆరాకే మందు కొట్టాలి. సైలెన్సరుకు, బ్రేకులకు తగలకూడదు. డోర్ల కింద నీళ్లు కారిపోయే రంధ్రాలు మూసుకుపోతే లోపలే తుప్పు మొదలవుతుంది, కస్టమరు తిట్టేది మిమ్మల్నే.

సెరామిక్ కోటింగ్ రెండో మెట్టు. దానికి దుమ్ము రాని మూసిన గది కావాలి. వేశాక ఒక రోజైనా నీళ్లు తగలకూడదు, వారం దాకా కడగకపోతే మంచిది. హైవే పక్కన మూడు వైపులా తెరిచి ఉన్న షెడ్డులో, ఒక పక్క ఫోమ్ చిమ్ముతుంటే ఇంకో పక్క కోటింగ్ వేస్తామంటే కుదరదు. ఈ కోటింగ్ వేస్తే గీతే పడదని కస్టమర్లు నమ్ముతారు. రాయి తగిలితే దెబ్బ పడుతుందని ముందే చెప్పాలి, బిల్లు మీద రాసివ్వాలి. పీపీఎఫ్ ఇప్పుడే వద్దు. ఫిల్ము ఖరీదెక్కువ, కోయడం రానివాడి చేతిలో సగం చెత్తబుట్టకే పోతుంది. సీటు కవర్లు సరుకు నిల్వ పెట్టకుండా ఆర్డరు మీద తెప్పించండి. కారు అద్దాలకు నల్ల ఫిల్ము అంటించమని మాత్రం తప్పకుండా అడుగుతారు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. మీరు ఆ జోలికి పోవద్దు.

డబ్బు మాట. బావమరిదితో నోటిమాట మీద భాగస్వామ్యానికి ఒప్పుకోకండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి, పని చేసే భాగస్తుడికి జీతం అడిగే హక్కు ఉండదు. అంటే పొద్దున్నుంచి రాత్రిదాకా షెడ్డులో నిలబడే మీకూ, విశాఖలో ఉండే ఆయనకూ చట్టం కళ్లకు తేడా లేదు. సంస్థ అప్పులకు ప్రతి భాగస్తుడూ పూర్తిగా బాధ్యుడే. ఉద్యోగంలో ఉన్న ఆయనకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా? చెబితే ఆయనే రెండడుగులు వెనక్కి వేయవచ్చు.

ఆ 6 లక్షలనూ అప్పుగా తీసుకోండి. వడ్డీ, వాయిదాలు కాగితం మీద పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే బ్యాంకులో ముద్రా రుణం అడగండి, మొదటిసారి తీసుకునేవారికి 10 లక్షల దాకా హామీ ఆస్తి లేకుండా ఇచ్చే పథకమది. అప్పు కొన్నేళ్లకు తీరుతుంది. సగం వాటా ఎన్నేళ్లకూ తీరదు. వాటా ఎవరికైనా ఇవ్వదలిస్తే మొదట తమ్ముడికి ఇవ్వండి: నెల జీతం, దానిపైన లాభంలో ఇంత అని. ఎంతన్నది అతన్నే అడగండి, అతను అడిగేది మీరు భయపడినంత ఉండదు. ఆ మాట నాన్నగారి ఎదుటే జరగాలి. పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించినా, సంతకాలకు ముందు తెలుగులో చదివి అందరికీ వినిపించండి.

మీ భార్యను తప్పుపట్టకండి. తన తమ్ముడు అక్క కాపురానికి సాయం వస్తున్నాడన్న సంతోషం ఆమెది. దాన్ని పుట్టింటి పక్షం, మెట్టినింటి పక్షం అని విడదీశారంటే షెడ్డు సంగతి పక్కకు పోయి ఇల్లే రెండవుతుంది. లెక్కలన్నీ ముందు ఆమె ముందు పెట్టండి. మీ తమ్ముడికీ ఆమె తమ్ముడికీ ఒకే న్యాయం కావాలని చెబితే ఆమె ఎందుకు కాదంటుంది? ‘వాటా వద్దు, అప్పుగా ఇవ్వండి’ అని విశాఖకు ఫోను చేసే పని మాత్రం ఆమెకు అప్పగించకండి. ఆ కబురు మీ నోటే వెళ్లాలి.