ఆ గదిలో గీత మాత్రం జానెడు పైన

విజయవాడ

అమ్మా,

నీ రెండు కథలూ అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. బ్రాడీపేట ఇంటి గుమ్మంలో నిమ్మకాయ దొరికే కథని పక్కన పెట్టు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో శవం దొరికే కాపలాదారు కథలో ప్రాణం ఉంది. ఈ ఉత్తరం చాలావరకు దాని గురించే.

నిమ్మకాయ కథ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. నిమ్మకాయ, పసుపు, ముగ్గు, నల్లకోడి కనిపించగానే తర్వాతి పేజీలో ఏం జరుగుతుందో పాఠకుడు చెప్పేయగలడు. 1980ల వారపత్రికల సీరియళ్లు ఆ సామానంతా అరగదీశాయి. దీనికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. చేతబడి చేశారన్న అనుమానంతో మన తెలుగు ఊళ్లలో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు నిజంగా జరిగాయి. నీ కథేమో పక్కింటి ముసలావిడ నిజంగానే చేతబడి చేసిందని చివర్లో తేల్చేసింది. అంటే ఆ కొట్టినవాళ్ల తరఫున సాక్ష్యం చెప్పినట్టయింది. ఎప్పటికైనా ఆ కథ మళ్లీ రాయాలనిపిస్తే, అనుమానించిన ఇంట్లో కూర్చుని రాయి. ఆవిడ పెట్టిన కూర గిన్నెని తెరవకుండానే చెత్తలో వేసి, గిన్నె కడిగి తిరిగిచ్చేసి, 'బావుందమ్మా' అని చెప్పే కోడలు ఆ ఇంట్లో ఉంటుంది. భయం ఆ పక్కన ఉంది.

ఇక అసలు విషయం. 2024 సెప్టెంబరులో మా ఊళ్లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు పోయాక గోడల మీద మట్టి గీత మిగిలింది. ఒకే ఇంట్లో ఆ గీత అన్ని గదుల్లోనూ ఒకే ఎత్తున ఉంటుంది, అది నీటి మట్టం కాబట్టి. ఇప్పుడు ఇలా అనుకో. హాల్లో, వంటింట్లో గీత నడుము ఎత్తున ఉంది. వెనక గదిలో మాత్రం జానెడు పైన ఉంది. ఇల్లు కడగడానికి వచ్చిన ఆ ఇంటి పెద్దకోడలు అది చూసింది. ఏమీ అనలేదు. చీపురు తీసుకుని ముందు గది నుంచి మొదలుపెట్టింది.

చీకటి కథకి ఇంత చాలు. అన్నీ సరిగ్గా ఉన్న చోట ఒక్కటి తేడాగా ఉండాలి. నీ కథలో తేడాలు తొమ్మిది ఉన్నాయి, నేను లెక్కపెట్టాను: ఆగిపోయిన గడియారం, ఏడ్చే పిల్లి, రక్తపు మరక, వాటంతటవే వెలిగే లైట్లు, ఇంకా అలాంటివి. తొమ్మిది ఉంటే ఒక్కటీ తేడాగా అనిపించదు, అదే ఆ లోకం తీరు అనిపిస్తుంది. ఒకటి ఉంచి ఎనిమిది కొట్టెయ్. కొట్టేసిన చోటల్లా మామూలు వస్తువు పెట్టు, అది అచ్చం ఉన్నట్టే ఉండాలి. వెనక గది గీత భయపెట్టాలంటే ముందు గది బురదని పాఠకుడు నమ్మాలి. ఆ బురద వేలు మందాన ఎండి పెచ్చులుగా లేస్తుంది, నానిన పరుపుని ఇద్దరు పట్టినా లేపలేరు, బియ్యం మూట పులిసిపోయి వాసన కొడుతుంది. వీటిల్లో మూడు నిజం చెబితే నాలుగోది అడగకుండా నమ్ముతాడు.

నీ కథ సరిగ్గా ఈ నమ్మకం దగ్గరే జారింది.

మే మూడో వారంలో, మిర్చి యార్డులో అర్ధరాత్రి దాకా కాటాలు జోరుగా పడుతున్నాయని రాశావు. గుంటూరు యార్డుకి మేలో వేసవి సెలవులిస్తారు. సరుకు ముంచెత్తేది అంతకు ముందు, మార్చి, ఏప్రిల్ నెలల్లో. మీ ఊరి పాఠకుడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మూస్తాడు. నిజానికి ఆ సెలవులు నీకు దొరికిన వరం. స్టోరేజీ నిండా సరుకుంది, ముఠా కూలీలు లేరు, లారీలు లేవు, కాపలాదారు ఒక్కడే ఉన్నాడు. నిజం తెలుసుకుంటే కథకి నష్టం వస్తుందని భయపడకు. చాలాసార్లు నువ్వు కల్పించినదానికంటే పదునైనదే చేతికొస్తుంది.

'మిర్చి బస్తా' అని ఏడు చోట్ల రాశావు. అక్కడ టిక్కీ అంటారు. ఇంకొకటి. మిర్చి నిల్వ ఉన్న గదిలోకి అడుగుపెట్టగానే చలితో పాటే ఘాటు తగులుతుంది, గొంతు పట్టేస్తుంది. నీ కథలో కొత్తగా వచ్చిన కుర్రాడు గంటసేపు లోపల తిరిగి ఒక్కసారి కూడా దగ్గలేదు. నువ్వు మర్చిపోయి అలా రాశావని తెలుసు. కానీ అమ్మా, నీ ఒక్క తేడా అదే! కాపలాదారు ఇరవై ఏళ్లుగా అక్కడ ఉండి కూడా దగ్గుతాడు. ఈ కుర్రాడు దగ్గడు. కాపలాదారు అది గమనిస్తాడు. ఆ తర్వాత కథలో ఏం జరిగినా చెల్లుతుంది. పిల్లిని, గడియారాన్ని పంపించేయ్.

చావు గురించి కూడా అంతే కచ్చితంగా ఉండాలి. శవం బిగుసుకోవడం ముందుగా దవడ, మెడ దగ్గర తెలుస్తుంది, తర్వాత కిందికి పాకుతుంది. మన మే ఎండలో అది తొందరగా మొదలై తొందరగా సడలిపోతుంది. చలి గదిలో ఆలస్యంగా మొదలవుతుంది, చాలాసేపు నిలుస్తుంది. బయట నలభై డిగ్రీలు, లోపల పది లోపు. అంటే ఆ చాంబర్లో దొరికిన మనిషి ఎప్పుడు పోయాడన్న లెక్కే తారుమారైపోతుంది. నీ కథలో ఎస్సై వచ్చీ రాగానే 'ఆరు గంటలైంది' అని తేల్చేశాడు. అనుభవమున్న డాక్టరు కూడా అంత కచ్చితంగా చెప్పడు. చెప్పలేకపోవడమే నీ కథకి బలం, దాన్ని ఎందుకు వదులుకుంటావు?

అదే రాత్రి రెండింటికి పోస్టుమార్టం చేయించావు. అనుమానాస్పద మృతికి మామూలుగా పగటి వెలుగులోనే చేస్తారు. ముందు శవ పంచనామా జరగాలి, సాక్షులుగా పిలిచిన పంచాయతీదార్లు సంతకాలు పెట్టాలి, తర్వాతే శవం మార్చురీకి కదులుతుంది. పోయింది పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడమనిషైతే పంచనామాకి తహసీల్దారు స్థాయి అధికారి రావాలి. ఆ వచ్చేదాకా శవం దగ్గర కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారన్నదే ఒక కథ. ఇక సెక్షన్లు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. హత్య 302 కాదు, భారతీయ న్యాయ సంహితలో 103. పంచనామాకి పాత 174 స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత 194. నీ కథ 2025లో జరుగుతోంది. కానిస్టేబుల్ నోట అలవాటుగా 302 రావచ్చు, కాగితం మీద మాత్రం రాకూడదు.

ఇవన్నీ తెలుసుకో, కానీ కథలోకి పదో వంతు కూడా రానివ్వకు. సెక్షన్ నంబరు కనిపించే కథ చాలాసార్లు కేసు డైరీలా తయారవుతుంది. తెలిసినవాడు రాసిన వాక్యం తప్పు అడుగు వేయదు, అందుకే తెలుసుకోవాలి.

ఎవరి కళ్లతో చూపిస్తున్నావన్నది ఇంకో పెద్ద తప్పు. కథంతా కాపలాదారు మనసులోంచే నడిపావు, చివర్లో హంతకుడు అతనే అన్నావు. పద్నాలుగు పేజీలు అతని ఆలోచనలు వింటూ వచ్చినవాణ్ణి మోసం చేశావు. చూసే మనిషికి తెలిసింది పాఠకుడికీ తెలియాలి. దాచాలంటే ఆ మనిషికే తెలియనిది దాచు, లేదా అతను తనకు తాను ఒప్పుకోలేనిది దాచు. రెండోది కష్టం, కానీ లోతు దానికే ఉంది. గదిలో జరిగినదాని గురించి తల్చుకోకుండా ఉండటానికి అతను టిక్కీలు లెక్కపెడతాడనుకో. మూడో వరుస దగ్గరికి రాగానే ప్రతిసారీ లెక్క తప్పి మళ్లీ మొదటికి వెళ్తాడు. పాఠకుడికి ఆ వరుస మీద అనుమానం పడుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మన భాష నీ చేతిలో పెట్టిన పనిముట్లు నువ్వింకా వాడటం లేదు. 'తలుపు దగ్గర నిలబడింది' అను. ఎవరు నిలబడ్డారు? ఆడమనిషా, కుక్కా, మనం పేరు పెట్టలేనిదేదైనానా? మన క్రియకి ఆడదానికీ, జంతువుకీ, వస్తువుకీ ఒకటే తోక. కర్త లేకుండా ఆ వాక్యం రాసి ఒక పేరా నడిపి చూడు. అలాగే 'వచ్చారు'. ఒక పెద్దాయన మర్యాద వల్ల వచ్చారా, నలుగురు కలిసి వచ్చారా? నీ కాపలాదారు టార్చి వేయకుండా 'ఎవరండీ, లోపలికి వచ్చారు?' అని అడిగితే, ఎంతమందిని అడిగాడో అతనికీ తెలియదు.

ఇంకోటి 'అంట'. 'ఆ పిల్ల కాలవలో పడింది' అంటే వార్త. 'కాలవలో పడిందంట' అంటే ఊరంతా ఆ వాక్యం వెనక నిలబడి ఉంది, ఎవరూ చూడలేదు, ఎవరూ బాధ్యులు కారు. ఒకే సంఘటనని మొదట 'అంట'తో చెప్పించి, నాలుగు పేజీల తర్వాత అదే మనిషి నోట 'అంట' జారిపోయేలా చెయ్యి. 'పడింది' అన్నాడు. అంటే చూశాడు. ఒక్క ప్రత్యయం తీసేస్తే నేరం బయటపడింది. దీనికంటే పెద్ద మలుపు నీకు అక్కర్లేదు.

'భయంకరమైన', 'గగుర్పొడిచే', 'వెన్నులో వణుకు' లాంటి మాటలన్నీ తీసెయ్. వరుసగా పెట్టిన చుక్కలూ తీసెయ్. అవి పాఠకుడు పడాల్సిన భయాన్ని నువ్వే పడి చూపించడం. మాటల తీరు కూడా చూసుకో. మాచర్ల వైపు నుంచి వచ్చిన కాపలాదారు 'నేను చాలా భయపడుతున్నాను' అనడు. 'ఏందో తేడాగా ఉందన్నా' అంటాడు, బీడీ వెలిగించుకుంటాడు.

కాలవల గురించి ఒక మాట, ఇది నీకు ఎప్పటికైనా పనికొస్తుంది. మా ఊళ్లో బ్యారేజీ నుంచి బయల్దేరే బందరు, ఏలూరు, రైవస్ కాలవలు ఇళ్ల మధ్య నుంచే పోతాయి. వేసవిలో కాలవ కట్టేశాక నీళ్లు తగ్గి అడుగు కనిపిస్తుంది. ఏడాది పొడవునా ఊరు అందులో ఏం పారేసిందో ఎండలో బయటపడుతుంది. ఆ వంతెనల మీద నిలబడి పావుగంట కిందికి చూసి, కనిపించినవి కనిపించినట్టు ఇరవై వస్తువులు రాసుకో. విశేషణాలు వద్దు. వాటిలో పక్కపక్కన ఉండకూడని రెండింటిని ఏరు. మీ గుంటూరులో ఇదే పని సంత ముగిసిన సాయంత్రం చెయ్యొచ్చు.

రాసే పద్ధతి. తొలి కథలు పదిహేను వందల మాటలు దాటనివ్వకు, ముగ్గురికి మించి మనుషులు వద్దు, ఒక రాత్రి చాలు. మొదటి ప్రతి రెండు కూర్చోవడాల్లో అయిపోవాలి. నెలంతా సాగదీస్తే ఊపిరి మారిపోతుంది, పైపేజీ గొంతు ఒకటి, కిందిపేజీ గొంతు ఒకటి అవుతుంది. తర్వాత కనీసం పది రోజులు ముట్టుకోకు. పదకొండో రోజు పైకి చదువు, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టు. మొదటి పేరా తీసేసి కథ నిలబడుతుందేమో చూడు, సాధారణంగా నిలబడుతుంది. చివరి పేరాతోనూ అదే చెయ్యి. నీ కథలో చివరి రెండు పేరాలు తీసేస్తే కాపలాదారు తాళం వేసి గొళ్లెం మళ్లీ లాగి చూసుకునే వాక్యం దగ్గర ఆగుతుంది. అక్కడే ఆగాలి.

నిజం సంఘటనలు వాడేటప్పుడు జాగ్రత్త. జిల్లా పేజీలో రెండు ముక్కల వార్త చూసి కథ పుట్టడం తప్పు కాదు. కానీ పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు అది చదివినా తమదని పోల్చుకోకూడదు. ఊరు, వృత్తి, వయసు, వరుస అన్నీ మార్చు. ఆత్మహత్య రాస్తే ఎలా చేసుకున్నారో, మందు పేరేమిటో, ఎంతో రాయకు. కౌలు రైతుల ఇళ్ల మధ్య కూర్చుని రాస్తున్నాం, ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు. ముందురోజు రాయి, తర్వాతి ఏడాది రాయి, ఆ క్షణాన్ని వదిలేయ్. పిచ్చినీ, అంగవైకల్యాన్నీ, కులాన్నీ భయపెట్టే వస్తువులుగా వాడకు. అది సోమరితనం, పైగా అన్యాయం.

ఈ రాతలో నెలల తరబడి ఉంటే కొన్నాళ్లకి నిద్ర పాడవుతుంది. రాత్రి పదకొండు తర్వాత ఈ కథలు ముట్టుకోకు, ఉదయం రాయి. కథ పక్కన పెట్టినా మనసు తేలికపడకపోతే మనిషితో మాట్లాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇది రాతకు సంబంధించిన సలహాగానే తీసుకో.

పంపేటప్పుడు ఒక కథ ఒక పత్రికకే పంపు. సొంత రచన అని, ఇంకెక్కడా రాలేదని, పరిశీలనలో లేదని హామీ పత్రం జత చెయ్యి. పోటీలకి పదాల పరిమితి ఎంత చెప్తే అంతే. మూడు నెలలు చూసి, ఒకసారి అడిగి, ఇంకో చోటికి పంపించు. ఈలోగా రెండో కథ మొదలవ్వాలి. జనవరిలో ఇక్కడ పుస్తకాల పండుగకి వస్తావు కదా, ఒక పూట ముందుగా వచ్చి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు చూడు. పాత వారపత్రికల కట్టలు దొరికితే తీసుకో. ఏవి అరిగిపోయాయో తెలియాలంటే అవి చదవాల్సిందే.

కోల్డ్ స్టోరేజీ కథ మళ్లీ రాసి పంపు. యార్డు సెలవుల్లో పెట్టు. కుర్రాడు దగ్గకపోవడం మొదటి పేజీలోనే రావాలి, ఒకే వాక్యంలో, కాపలాదారు టీ పోస్తుండగా. మూడో వరుస దగ్గర లెక్క తప్పడం మూడుసార్లకి మించొద్దు. పోస్టుమార్టం సీను పూర్తిగా తీసెయ్. సంక్రాంతి లోపు అందితే పండక్కి చదువుతాను.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఉంటాను.