వైశ్యులకు మత్తుమందు పడదా? ముందు ఎంజైమ్ పరీక్ష, తర్వాతే డీఎన్ఏ

"మాది ఆర్యవైశ్య కుటుంబం, తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ ఉంది. మనవాళ్లకు మత్తు పడదంటున్నారు, డీఎన్ఏ టెస్ట్ చేయించాలా?" అని ఒకరు అడిగారు.

మత్తు మొత్తం పడకపోవడం కాదండీ. పేచీ అంతా ముఖ్యంగా ఒక్క మందుతోనే: సక్సినైల్‌కోలిన్, థియేటర్లో స్కోలిన్ అంటాం. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి ఇస్తారు. రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి మామూలుగా పది నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లకు గంటలు పడుతుంది. అప్పుడు వెంటిలేటర్ మీదే ఉంచి, నిద్రమందు సాగిస్తూ ఆగాలి. నిద్రమందు ఆపేశారో, మనిషికి మెలకువ ఉంటుంది, వేలు కూడా కదపలేడు. అసలు భయం అది.

కారణం బీసీహెచ్ఈ జన్యువు. ఆ ఎంజైమ్‌ను తయారుచేయించేది అదే. ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ అనేది వచ్చే మార్పును వైశ్యుల్లో గుర్తించారు. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు కాపీలూ అలాగే ఉంటే ఎంజైమ్ దాదాపు సున్నా. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ సముదాయం వంద తరాలకు పైబడిన కాలంలో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చింది. కాబట్టి "మాది మేనరికం కాదు, గోత్రాలు వేరు" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక పరీక్ష. ముందు సీరం సూడోకోలినెస్టరేజ్ (ఆ ఎంజైమ్‌కే ఇంకో పేరు) చేయించండి, మామూలు రక్తపరీక్షే, పరగడుపున ఉండక్కర్లేదు. బాగా తక్కువొస్తే వెంటనే జన్యువు మీదికి తోసేయొద్దు: కాలేయ జబ్బు, గర్భం, పురుగుమందుల ప్రభావం కూడా తగ్గిస్తాయి. ఈమధ్య రక్తమో ప్లాస్మానో ఎక్కించి ఉంటే దాతల ఎంజైమ్ వల్ల లోపం కనిపించకుండా పోతుంది, కొన్ని వారాలు ఆగి చేయించాలి. డిబుకైన్ అనే మందు ఈ ఎంజైమ్‌ను ఎంత శాతం అణుస్తుందో చెప్పే డిబుకైన్ నంబర్ అడిగే డాక్టర్లున్నారు. అది వేరే రకం మార్పును పట్టడానికి బాగుంటుంది, ఎంజైమే లేనప్పుడు కొలవడానికేముంది?

డీఎన్ఏ పరీక్ష ఆ తర్వాత, అవసరమైతేనే. 307 ఉన్నది ఆ జన్యువు రెండో భాగంలో, అంటే రెండో ఎక్సాన్‌లో, దాన్ని సాంగర్ సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదివే పద్ధతి) చేయమని స్పష్టంగా రాయించండి. ఉమ్మి పంపిస్తే పూర్వీకులెవరో చెప్పే కిట్లను దీనికి నమ్మొద్దు, అవి ఎంచుకున్న కొన్ని స్థానాలే చూస్తాయి. తమ్ముడికి లోపం తేలితే మీకూ ఉండే అవకాశం నాలుగింట ఒకటి, మీరూ ఎంజైమ్ చూపించుకోండి.

హెర్నియాకైతే చాలాసార్లు వెన్నులో బుపివకైన్‌తో సరిపోతుంది, దానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. గొట్టం తప్పకపోతే కండరాలు వదులు చేయడానికి రోక్యురోనియం, విరుగుడుగా సుగమాడెక్స్ ఉన్నాయి. అలాంటిదే ఇంకో మందు మివాక్యురియం మాత్రం స్కోలిన్ లాగే వద్దు, దాన్నీ ఈ ఎంజైమే విరగ్గొట్టాలి. రిపోర్టు ఫోన్లో పెట్టుకుని, ప్రీ-అనస్థీషియా చెకప్‌లో కేస్ షీటు మీద "స్కోలిన్ ఇవ్వకూడదు" అని రాయించండి. ఇంట్లో గర్భిణులుంటే వాళ్ల ఫైల్లోనూ. అర్ధరాత్రి ఎమర్జెన్సీ సిజేరియన్‌కు చేతికి ముందు అందేది స్కోలినే.